నిమ్మగడ్డి కుక్కర్‌కి రాగి గొట్టం చుట్ట: నొక్కు పడకుండా చుట్టడం ఎలా

మొదటిసారి చుట్టినప్పుడు మూడు చుట్లు బ్రహ్మాండంగా వచ్చాయి. నాలుగో చుట్టు సగంలో ఉండగా చేతికింద గొట్టం ఉన్నట్టుండి మెత్తబడినట్టనిపించింది. తీసి చూస్తే కూల్‌డ్రింక్ స్ట్రాని మడిచినట్టు లోపలివైపుకి నొక్కుకుపోయి ఉంది. సరిచేద్దామని వెనక్కి వంచాను, దాని పక్కనే ఇంకో నొక్కు పడింది. మా వీధిలో ఏసీలు రిపేరు చేసే బాబాయ్‌కి చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల ఏం పోసి చుట్టావురా?" అన్నాడు. ఏమీ పోయలేదన్నాను. "ఖాళీ గొట్టం చుడితే ఇంతే. రాగి ఒక్కసారే మాట వింటుంది, రెండోసారి వంచావా, మొండికేస్తుంది" అన్నాడు.

అది అక్షరాలా నిజం. మెత్తటి రాగిని వంచినకొద్దీ గట్టిపడిపోతుంది. అదే చోట మళ్లీ వంచబోతే ఒప్పుకోదు, నొక్కయినా పడుతుంది, పగులైనా వస్తుంది. అందుకే చుట్టే పని పావుగంటే గానీ, దానికి ముందు చేసుకోవాల్సిన ఏర్పాట్లకి ఒక పూట పోతుంది. ఆ పూట దగ్గర కక్కుర్తి పడ్డవాళ్లందరికీ నాలాగే అవుతుంది.

ఇంతకీ ఇదంతా ఎందుకంటే, మా పెరట్లో నాలుగు దుబ్బులు నిమ్మగడ్డి ఉంది. టీలో వేసుకోవడానికి రెండు ఆకులు చాలు, మిగతాదంతా వానాకాలం వచ్చేసరికి నడుం ఎత్తు పెరిగిపోతుంది. దాన్ని కోసి, కుక్కర్లో ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లబరిస్తే ఘుమఘుమలాడే నీళ్లూ, పైన తెట్టులా కాస్త నూనే వస్తాయి. ఇల్లు తుడిచే నీళ్లలో కలుపుకోవచ్చు, గదిలో చల్లుకోవచ్చు. ఆవిరిని చల్లబరిచే ఆ భాగమే ఈ రాగి చుట్ట: బకెట్ నీళ్లలో ముంచి పెడతాం, పైనుంచి ఆవిరి వెళ్తుంది, కిందనుంచి చుక్కలు పడతాయి.

సారా సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే రాగి చుట్ట అనగానే సగం మంది అదే అడుగుతారు. ఇటు ఆంధ్రాలోనూ అటు తెలంగాణలోనూ 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా సారా కాయడం నేరం, మా ఇంట్లో తాగడానికే అన్నా కుదరదు. నేను చెప్పేది గడ్డికీ, పూలకీ, ఆకులకీ మాత్రమే.

గొట్టం కొనేటప్పుడు

ఏసీ, ఫ్రిజ్ విడిభాగాలు అమ్మే షాపుకి వెళ్లండి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట అయితే ఏ సందులో అడిగినా దొరుకుతుంది, చిన్న ఊళ్లలో ఏసీ మెకానిక్‌ని అడిగితే తనకి తెచ్చుకున్న రోల్‌లోంచి కోసి ఇస్తాడు. "సాఫ్ట్ కాపర్" అని నొక్కి చెప్పాలి. చుట్టగా చుట్టి అమ్మేది సాఫ్ట్, నిటారుగా కర్రల్లా నిలబెట్టి అమ్మేది హార్డ్. హార్డ్ గొట్టం చవగ్గా వస్తుందని తెచ్చుకున్నారో, అది వంగదు, విరుగుతుంది.

సైజు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే బయటి కొలత 9.5 మి.మీ. హైదరాబాద్‌లో పాత షాపులవాళ్లు దీన్నే మూడు సూత్ అంటారు, ఒక సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పావు అంగుళం గొట్టం చుట్టడానికి చాలా సులువు, కానీ లోపలి దారి మరీ ఇరుకు, చిన్న ఆకు ముక్క అడ్డం పడినా ప్రమాదం. అర అంగుళం అయితే చేతులతో చుట్టడానికి చుక్కలు కనపడతాయి. మధ్యలోదే మంచిది.

గోడ మందం 0.7 మి.మీ. దాకా ఉండాలి. షాపతను ఉందంటాడు, నమ్మాల్సిన పనిలేదు, తూకం వేయించండి. ఆ మందం ఉన్న మూడు సూత్ గొట్టం మీటరు 175 గ్రాములు తూగాలి, కాబట్టి 3 మీటర్లు అరకిలో పైనే ఉంటుంది. 400 గ్రాములే తూగిందంటే గోడ పలచన, అది నొక్కు పడడానికి రెడీగా ఉన్న గొట్టం. రాగి ఎలాగూ కిలో లెక్కన అమ్ముతారు కాబట్టి తూకం అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

పాత ఏసీలోంచి పీకిన గొట్టం మాత్రం ఫ్రీగా ఇచ్చినా వద్దు. లోపల కంప్రెసర్ ఆయిల్ పట్టి ఉంటుంది, ఎంత కడిగినా మూలల్లో మిగులుతుంది, ఆవిరి తగలగానే అదంతా మీ సీసాలోకే.

ఎంత పొడవు కావాలో చిన్న లెక్క. నేను చుట్టింది డ్రైనేజీకి వాడే 4 అంగుళాల పీవీసీ పైపు మీద, దాని బయటి కొలత 110 మి.మీ. గొట్టం మందం కలుపుకుంటే ఒక్కో చుట్టుకి సుమారు 37 సెంటీమీటర్లు పడుతుంది. 3 మీటర్ల గొట్టంలో రెండు కొసలకీ కలిపి అర మీటరు వదిలేస్తే మిగిలిన రెండున్నర మీటర్లకి ఆరున్నర చుట్లు పైనే వస్తాయి. ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద, సన్నటి మంటకి అది సరిపోతుంది, మిగులుతుంది కూడా. పది మీటర్లు కొనేసి పెద్ద స్ప్రింగు చేసినవాళ్లని చూశాను, డబ్బులు దండగ తప్ప చుక్క కూడా ఎక్కువ రాదు.

ఉప్పు పోయడం

గొట్టం ఎందుకు నొక్కుకుపోతుంది? వంచినప్పుడు బయటివైపు సాగుతుంది, లోపలివైపు కుంచించుకుంటుంది, మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి గోడ ఆ ఖాళీలోకి కూలుతుంది. లోపల కదలకుండా ఏదైనా కూరితే గోడకి కూలడానికి చోటుండదు, అంతే రహస్యం. చాలామంది ఇసుక పోస్తారు. ఇసుక బాగా పనిచేస్తుంది గానీ తర్వాత పూర్తిగా బయటికి రాదు, ఒక్కో గింజ గోడకి గుచ్చుకుని ఉండిపోతుంది. నీళ్లు పోసి ఫ్రీజర్లో గడ్డకట్టించే పద్ధతి ఉంది, 3 మీటర్ల గొట్టం పట్టే ఫ్రీజర్ మా ఇంట్లో లేదు. నేను మెత్తటి ఉప్పు వాడతాను. పని అయ్యాక వేడినీళ్లలో కరిగి పోతుంది, గొడవ లేదు.

అయితే ఉప్పు పొడిగా ఉండాలి. మూకుడులో వేసి సన్నటి మంట మీద, గరిటెతో తిప్పుతుంటే ఇసుకలా జారేదాకా వేయించి, పూర్తిగా చల్లారనివ్వండి. వానాకాలంలో ప్యాకెట్ కోసి నేరుగా పోస్తే ఒక జానెడు దిగి ఉండకట్టి ఆగిపోతుంది, కిందంతా ఖాళీయే, మీకేమో నిండినట్టే కనిపిస్తుంది. ఇలాంటి మోసం తెలుసుకోవడానికి కూడా ఒక లెక్క ఉంది: 3 మీటర్ల గొట్టం లోపల సుమారు 155 మి.లీ. చోటుంటుంది, మెత్తటి ఉప్పు బాగా కూరితే అందులో 190 నుంచి 200 గ్రాములు పడుతుంది. ముందే 250 గ్రాములు తూచి గిన్నెలో పెట్టుకోండి, నిండాక మిగిలింది తూచండి. 150 గ్రాములే పట్టిందంటే లోపల ఎక్కడో ఖాళీ మిగిలింది, మళ్లీ తట్టాలి.

ముందు రోల్‌ని విప్పి నిటారుగా చేయాలి. దాన్ని స్ప్రింగులా రెండు కొసలూ పట్టి లాగకండి, అక్కడే మొదటి నొక్కు పడుతుంది. ఒక కొసని నేలమీద పెట్టి పాదంతో అదిమి, రోల్‌ని నేలమీద చాప పరిచినట్టు దొర్లించుకుంటూ పోవాలి. కాస్త అలలు అలలుగా వచ్చినా ఫర్వాలేదు. తర్వాత ఒక కొసలో వేపపుల్లని చెక్కి, సుత్తితో బిగుతుగా రెండు సెంటీమీటర్లు దిగగొట్టి, దాని మీద టేపు చుట్టండి. ఇప్పుడు గొట్టాన్ని మేడమెట్ల పక్కన నిలబెట్టి, మెట్లెక్కి పై కొసలో చిన్న గరాటు పెట్టి ఉప్పు పోయాలి. ఒకరు పోస్తుంటే కింద ఇంకొకరు చెక్క గరిటె కాడతో గొట్టాన్ని టకటకా తడుతూ ఉండాలి, కిందనుంచి పైకి, పైనుంచి కిందకి. మొదట్లో తట్టిన ప్రతిసారీ ఉప్పు అరచేయి మందం దిగుతుంది, తర్వాత వేలు మందం, ఆ తర్వాత ఎంత తట్టినా కదలదు. తట్టిన చప్పుడు కూడా మారుతుంది. ఖాళీగా ఉన్నచోట గంటలా మోగుతుంది, నిండినచోట చెక్కని కొట్టినట్టు మొద్దుగా ఉంటుంది. మా ఆవిడ ఆ చప్పుడు పట్టుకోవడంలో నాకంటే నయం, "ఇదిగో ఇక్కడ ఇంకా మోగుతోంది" అని ఆవిడే చెప్పింది. నిండాక పై కొసలో కూడా పుల్ల దిగగొట్టేయండి, లోపల ఉప్పుని అది గట్టిగా అదిమేలా.

ఒక్కటి మాత్రం ప్రాణం మీదకి వచ్చే విషయం: రెండు కొసలూ మూసి, లోపల ఉప్పో ఇసుకో ఉండగా గొట్టానికి మంట చూపించకండి. కాస్త తేమ ఉన్నా అది ఆవిరై, బయటికి దారి లేక పుల్లని బుల్లెట్‌లా తన్నేస్తుంది.

చుట్టడం

పీవీసీ పైపు ముక్క అర మీటరు ఉంటే చాలు. ఒక కొస దగ్గర గొట్టం మొదలుని కట్టేయాలి: పైపుకి రెండు రంధ్రాలు పొడిచి, మందపాటి ఇనపతీగతో, మధ్యలో గుడ్డముక్క పెట్టి బిగించండి. తీగ నేరుగా రాగికి తగిలితే గాటు పడుతుంది. కట్టేచోటికి ముందు 30 సెంటీమీటర్ల కొస వదలండి, అది తర్వాత కుక్కర్ వైపు వెళ్లే కొస.

ఇక్కడ అందరూ చేసే తప్పు, పైపుని కదలకుండా పట్టుకుని గొట్టాన్ని దాని చుట్టూ తిప్పడం. అలా తిప్పితే గొట్టం దూరంగా ఎక్కడో వంగుతుంది, మీ చేయి ఎక్కడ బలం పెడితే అక్కడ. గొట్టాన్ని నేలమీద పొడవుగా పరిచి ఉంచండి, పైపుని దాని మీదకి దొర్లించండి, అప్పడాల కర్రని దొర్లించినట్టు, కాకపోతే మెల్లగా. ఒకరు పైపుని రెండు చేతులతో అదిమి దొర్లిస్తుంటే, రెండోవాళ్లు గొట్టం మిగతా భాగాన్ని నేలకి అదిమి, కాస్త వెనక్కి లాగినట్టు పట్టుకోవాలి. వంపు ఎప్పుడూ గొట్టం పైపుకి తాకే ఆ ఒక్క బిందువు దగ్గరే జరగాలి. బొటనవేలు ఆ బిందువుకి ఒక అంగుళం వెనక ఉంచితే గొట్టం ఎలా నడుస్తోందో చేతికి తెలుస్తుంది. ఆగి ఆగి, కుదుపు కుదుపుగా చుడితే ఆగినచోటల్లా చిన్న కోణం పడుతుంది, గుండ్రం పోయి షడ్భుజి అవుతుంది. కాబట్టి ఒక చుట్టు మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా ఆగొద్దు.

చుట్ల మధ్య ఖాళీ గురించి ఇప్పుడు ఆలోచించకండి. ఒకదాని పక్కన ఒకటి ఆనుకునేలా, కొత్త తాడు ఉండలా దగ్గర దగ్గరగా చుట్టేయండి. పక్క చుట్టే దారి చూపిస్తుంది కాబట్టి కొలత సమానంగా వస్తుంది. చివర 20 సెంటీమీటర్లు మిగిలాక ఆపండి. చేయి వదలగానే చుట్ట కొంచెం విచ్చుకుంటుంది, కంగారు పడకండి, అది రాగి గుణం, దానివల్లే పైపు మీదనుంచి చుట్ట సులువుగా జారి వస్తుంది.

గొట్టం అడ్డుకోత కాస్త కోడిగుడ్డు ఆకారంలోకి వస్తే ఏమీ కాదు. మడత పడితే మాత్రం అక్కడ ఆవిరికి దారి తగ్గిపోతుంది, సుత్తితో కొట్టి తెరవాలని చూడకండి. కొసకి దగ్గర్లో పడితే అక్కడికి కోసేసి, ఒక చుట్టు తక్కువతో సరిపెట్టుకోవడమే మేలు.

ఉప్పు తీసేముందు ఇంకో పని ఉంది, నేను రెండోసారి మర్చిపోయి నాలుక కరుచుకున్నది ఇదే. పై కొస పైకి లేవాలి, కింది కొస చుట్టలోంచి పక్కకి తిరిగి బకెట్ బయటికి రావాలి. ఈ రెండు వంపులూ చుట్టకంటే బిగుతైనవి, నొక్కు పడే అవకాశం వీటికే ఎక్కువ, కాబట్టి లోపల ఉప్పు ఉండగానే వంచేయండి. ఒక కూల్‌డ్రింక్ గాజు సీసా తీసుకుని దాని పొట్టకి ఆనించి వంచితే సరైన గుండ్రం వస్తుంది. కింది కొసని మళ్లీ పైకి తిప్పి బకెట్ అంచు మీదనుంచి బయటికి తెచ్చేవాళ్లు ఉన్నారు, బకెట్‌కి రంధ్రం పెట్టడం ఇష్టం లేక. నీళ్లు పైకెక్కవు కదండీ. ఆ వంపులో నీళ్లు నిలబడి, వెనకనుంచి ఆవిరి తోస్తూ గళగళమంటూ ఎగచిమ్ముతుంది.

చుడుతుండగానే మధ్యలో బాగా బిరుసెక్కిపోతే? ఉప్పు మొత్తం తీసేసి, లోపల కడిగి, రెండు కొసలూ తెరిచి ఉంచి, గ్యాస్ టార్చ్‌తో నీడలో చూస్తే మసక ఎరుపు కనిపించేదాకా కాల్చి నీళ్లలో ముంచండి. ఉక్కైతే ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది, రాగి అలా కాదు, మెత్తగానే ఉంటుంది. కానీ కాల్చినచోట లోపలా బయటా నల్లటి పొర కడుతుంది, లోపలిది పోగొట్టడం పెద్ద తంటా. అందుకే కాల్చే అవసరం రాకుండా, ఉప్పుతో ఒకేసారి చుట్టేయమంటున్నాను.

ఉప్పు తీయడం, వాలు చూడడం

రెండు కొసల్లో పుల్ల ఉన్న భాగాన్ని ట్యూబ్ కట్టర్‌తో కోసేయండి. కట్టర్‌ని ఒకేసారి బిగించకుండా ఒక్కో తిప్పుకీ కొంచెం కొంచెం బిగించాలి, లేకపోతే మూతి లోపలికి ముడుచుకుపోతుంది. హాక్సా బ్లేడైనా ఫర్వాలేదు, తర్వాత ఆకురాయితో గరుకు తీయండి, రాగి పొడి లోపల పడితే కడిగేయండి. ఉప్పు చాలా గట్టిగా కూరుకుని ఉంటుంది, ఊదితే రాదు. చుట్ట మొత్తాన్ని పెద్ద గిన్నెలో వేడినీళ్లలో రాత్రంతా పడేయండి, కొసల దగ్గర కరుగుతూ లోపలికి దారి చేసుకుంటుంది. పొద్దున కుళాయికి చిన్న పైపు తగిలించి నీళ్లు పోనిస్తే ముందు ధారగా రాదు, ఉమ్మినట్టు తుపుక్ తుపుక్ మని వస్తుంది, ఒక్కసారి దారి తెరుచుకున్నాక అయిదు నిమిషాల్లో శుభ్రం. ఉప్పదనం పోయేదాకా కడగండి. మిగిలిపోతే రాగిని తినేస్తుంది, పచ్చగా చిలుము పడుతుంది.

ఇప్పుడు చుట్లని విడదీయాలి. చుట్టుకి చుట్టుకి మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ చాలు. రెండు కొసలూ పట్టి లాగితే చివరి చుట్లు ఎక్కువ సాగి మధ్యవి అలాగే ఉంటాయి. వేలు మందం చెక్కముక్క ఒకటి తీసుకుని పై చుట్టు దగ్గర దూర్చి, దాన్ని చుట్టు వెంబడి మెల్లగా నడిపించుకుంటూ కిందదాకా రండి, మర బిగించినట్టు.

దీని తర్వాత చేసే పరీక్ష అన్నిటికంటే ముఖ్యం, దీన్ని చేసేవాళ్లే తక్కువ. చుట్టని బకెట్లో ఎలా నిలబడుతుందో అలాగే నిలబెట్టి పైనుంచి ఒకసారి నీళ్లు పోసి వదిలేయండి, లోపలి గోడ తడవడానికి. రెండు నిమిషాలు ఆగి ఈసారి సరిగ్గా 100 మి.లీ. కొలిచి పోయండి, కింద పట్టి మళ్లీ కొలవండి. ఇంచుమించు మొత్తం వచ్చేస్తే వాలు బాగున్నట్టే. ఒక పది మి.లీ. తక్కువ వచ్చిందంటే ఎక్కడో చుట్టు ఉయ్యాలలా కిందికి వేలాడి నీళ్లు నిలబడుతున్నాయి. చుట్టని నెమ్మదిగా ఒరిగిస్తే ఎక్కడ గళగళమంటుందో తెలుస్తుంది, అక్కడ చేత్తో అర సెంటీమీటరు సర్దితే సరిపోతుంది. ఆ కొంచెం సర్దుబాటుకి రాగి ఇంకా ఒప్పుకుంటుంది. తర్వాత మూడు వెదురు బద్దలు నిలువుగా పెట్టి చుట్లని స్టీలు తీగతో కట్టేస్తే నీళ్లలో కదలదు.

బకెట్, కుక్కర్

20 లీటర్ల పెయింట్ బకెట్ తీసుకుని అడుగునుంచి అయిదు సెంటీమీటర్లు పైన రంధ్రం పొడిచి, గొట్టానికి బిగుతుగా పట్టే రబ్బరు బుష్ పెట్టి కొసని బయటికి తీయండి. చుట్టూ ఎం-సీల్ అద్దితే కారదు, అది బయటి నీళ్లకే తగులుతుంది కాబట్టి భయం లేదు. ఆవిరి తగిలే చోట మాత్రం అలాంటివేవీ వద్దు. కొసని దేనికైనా అతికించాల్సి వస్తే సీసం కలిసిన మామూలు సోల్డర్ ముట్టుకోకండి, సీసం లేనిది అడిగి తెచ్చుకోండి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దొంగసారా కాసినవాళ్లు పాత కారు రేడియేటర్లని ఆవిరి చల్లబరిచే కండెన్సర్లుగా వాడేవాళ్లు, వాటి అతుకుల్లో ఉన్న సీసం దిగి తాగినవాళ్లు విషమెక్కి ఆసుపత్రుల పాలయ్యారు. నేనైతే అతుకే లేకుండా ఒకే ముక్క వాడతాను, కుక్కర్ మూతకి వెయిట్ పెట్టే నాజిల్ నుంచి రాగి కొసదాకా సిలికాన్ ట్యూబ్ తొడిగి క్లిప్ వేస్తాను. పారదర్శకంగా ఉండే లెవెల్ పైపు వేడికి మెత్తబడి వాసన కొడుతుంది, పనికిరాదు.

వెయిట్ తీసేశాం కాబట్టి కుక్కర్లో ఒత్తిడి ఉండదు, కింది కొస తెరిచి ఉన్నంతసేపు. దాన్ని ఎప్పుడూ మూయకండి, సీసాలో నీళ్లలో మునిగేలా కూడా పెట్టకండి, స్టవ్ కట్టేయగానే ఆ నీళ్లని వెనక్కి పీల్చేస్తుంది. సేఫ్టీ వాల్వ్ మంచిదై ఉండాలి. మొదలుపెట్టే ప్రతిసారీ సిలికాన్ ట్యూబ్‌లోంచి ఊది, దారి ఖాళీగా ఉందో లేదో చూడాలి. గడ్డిని రెండు అంగుళాల ముక్కలుగా కోసి, నీళ్లకి పైన చిల్లుల ప్లేటు మీద, మూతకి నాలుగు వేళ్లు కిందదాకా మాత్రమే పెట్టండి.

చల్లబరిచే నీళ్ల లెక్క ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఒక లీటరు నీటి ఆవిరి మళ్లీ నీళ్లై కాస్త చల్లబడేసరికి దాదాపు 600 కిలోక్యాలరీల వేడి వదులుతుంది. బకెట్లో 20 లీటర్ల నీళ్లుంటే ఆ వేడికి అవి 30 డిగ్రీలు పెరుగుతాయి, అంటే 28 డిగ్రీల నీళ్లు 58కి చేరతాయి. కాబట్టి ఒక లీటరు పట్టాలంటే మధ్యలో ఒకసారైనా నీళ్లు మార్చాలి. వేడినీళ్లు పైకి తేలతాయి, పైనుంచి మగ్గుతో తీసేస్తూ, చల్లనీళ్లని పైపుతో బకెట్ అడుగుకి వదలండి. ఐసు వేస్తే సరిపోతుంది కదా అంటారు. కిలో ఐసు కరగడానికి లాక్కునేది 80 కిలోక్యాలరీలే, మీ ఫ్రిజ్‌లో రెండు ట్రేల ఐసు దేనికీ చాలదు. ఇంకో సంగతి, మే నెలలో మధ్యాహ్నం మేడమీద ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, ఆ కాలంలో తెల్లారుజామునే పని కానిచ్చేయాలి.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు తీసేవాళ్లకి ఈ చుట్ట గొడవే లేదు. డేగ్ అనే పెద్ద రాగి పాత్ర నుంచి వెదురు గొట్టం ద్వారా ఆవిరి నీటితొట్టిలో కూర్చోబెట్టిన భప్కా అనే పాత్రలోకి వెళ్తుంది, తొట్టిలో నీళ్లు వేడెక్కినకొద్దీ పనివాడు మారుస్తూ ఉంటాడు. వాళ్ల చేతికి తరాల లెక్క తెలుసు, మనకి చుట్టే గతి.

మొదటిసారి

మొదటిసారి గడ్డి పెట్టకండి. కుక్కర్లో లీటరున్నర నీళ్లు, ఒక గ్లాసు వెనిగర్ పోసి, లీటరు దాకా ఆవిరి పట్టి పారబోయండి. తర్వాత ఉత్త నీళ్లతో ఇంకో అర లీటరు. ఆ మొదటి నీళ్లు చూస్తే మీకే అర్థమవుతుంది, లేత నీలంగా, నాణెం వాసనతో వస్తాయి. తేటగా వచ్చేదాకా ఆగి అప్పుడు గడ్డి పెట్టండి.

మంట సన్నగా ఉంచి, నిమిషానికి 10 నుంచి 15 మి.లీ. వచ్చేలా చూసుకుంటే చాలు, తొందరగా పడే చుక్కలే గానీ ధార కాదు. కింది కొసనుంచి పొగలా ఆవిరి కనిపించిందంటే మంట ఎక్కువైందన్నమాట, లేదా బకెట్ నీళ్లు కాగిపోయాయన్నమాట. 800 గ్రాముల పచ్చిగడ్డికి నాకు సుమారు 700 మి.లీ. నీళ్లూ, పైన తేలే లేత పసుపు నూనె రెండు మూడు మి.లీ. వస్తాయి. నూనె అంత తక్కువా అని నిరాశ పడకండి, గడ్డిలో ఉండేదే వందలో అర వంతుకి అటూ ఇటూ. సన్నటి మెడ ఉన్న సీసాలో పట్టి చల్లారనిస్తే మెడలో పసుపు ఉంగరంలా తేలుతుంది, సిరంజితో లాగేయొచ్చు. ఆ నూనె ఒంటికి నేరుగా రాయకండి, మండుతుంది. నీళ్లని మాత్రం గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

వట్టివేరు కూడా పట్టొచ్చా అని చాలామంది అడిగారు. పట్టొచ్చు గానీ ఆ నూనె వేరులోంచి దిగడానికి పొద్దుటినుంచి రాత్రిదాకా ఆవిరి పట్టాలి, సిలిండర్ ఖర్చుకి బజార్లో చిన్న సీసా కొనుక్కోవచ్చు. మరువం, తులసి, దవనం గంటా గంటన్నరలో అయిపోతాయి, అవి పెట్టుకోండి.

పని అయ్యాక చుట్టని బకెట్లోంచి తీసి, లోపల మంచినీళ్లు పోనిచ్చి, గట్టిగా ఊది, కింది కొస నేలవైపు ఉండేలా ఎండలో వేలాడదీయాలి. తడితో మూల పెట్టేస్తే వారానికి లోపల చిలుము పట్టి, తర్వాతిసారి మొదటి గ్లాసు పచ్చగా వస్తుంది, అది పారబోయాల్సిందే. బయట నల్లబడితే చింతపండూ ఉప్పూ, రాగి చెంబుకి తోమినట్టే. లోపలికి చేయి పట్టదు కాబట్టి నాలుగైదు సార్లకొకసారి ఆ వెనిగర్ నీళ్ల ఆవిరే మళ్లీ.